వెతికేటప్పటి కూనిరాగం

దగ్గకూడదు. కుర్చీ జరపకూడదు. చెప్పులు కిర్రుమంటాయని గుమ్మం అవతలే విప్పించారు. చేతికర్ర లాక్కుని మూలన ఆనించారు, జారి పడకుండా దాని కింద గుడ్డ మడిచి పెట్టారు. జేబులో తాళాలూ చిల్లరా గలగలమంటాయని అవి కూడా తీసుకుని దూది పరిచిన ట్రేలో పడుకోబెట్టారు. అందరివీ ఆ ట్రేలోనే ఉన్నాయి, మా అమ్మాయి కారు తాళంతో సహా. ఇక మిగిలింది మనిషి. మనిషిని విప్పి బయట పెట్టడం కుదరదు కాబట్టి గోడవార కుర్చీలో కూర్చోబెట్టారు. గంటసేపు ఈ గదిలో చప్పుడు ఉండకూడదు. గుటక కూడా మెల్లగా వెయ్యి నాన్నా, అంది మా అమ్మాయి. నవ్వుతూనే అంది. గోళ్ళు మాత్రం కొరుక్కుంటోంది, చూశాను. బళ్ళో పరీక్షలప్పుడూ అలాగే కొరికేది. ఏం కాదులే అని అప్పుడూ నేననలేదు, ఇప్పుడూ అనలేదు. ఆ మాట అనే మనిషి వేరు, వాళ్ళమ్మ. ఆ మనిషి చెప్పాపెట్టకుండా పోయింది. ఆ సంగతి నేనింకా క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు.

భూమి లోపల ఉన్నాం. పాడుబడిన గని ఇది. లిఫ్టు అన్నారు గానీ అదొక ఇనుప బోను, దిగుతున్నంతసేపూ చెవులు దిబ్బళ్ళు వేశాయి. దిగిన మనిషి మళ్ళీ డ్యూటీ మారేదాకా పైకి పోవడానికి లేదు. ఒక్కసారి వచ్చి నేనేం చేస్తానో చూడు నాన్నా అని అమ్మాయి ఎన్నాళ్ళ నుంచో ప్రాణం తీస్తుంటే, ఆ పోరు పడలేక వచ్చాను. సరిగ్గా ఈ గంట పెట్టుకున్న రోజునే వస్తానని నాకేం తెలుసు? పెద్దమేడం, అంటే మా అమ్మాయి పైఅధికారి, నన్ను బయట సొరంగంలో నిలబెట్టమంది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఆయన మోకాళ్ళు పనిచెయ్యవు మేడం, ఉలకడు పలకడు, ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటాడు, నాదీ పూచీ అంది. కూతురు నా గురించి చెప్పిన మంచిమాట అదొక్కటే. పెద్దమేడం నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, సరే కూర్చోండి అంది. నవ్వు రాని ముఖం. నాకు నచ్చింది.

అవతలి గదిలో నీళ్ళ తొట్టి, దానిలో గాజు సీసా. మందపాటి అద్దంలోంచి కనబడుతోంది. సీసా నిండా ఏదో ద్రవం, నీళ్ళలాగే ఉంది. మరగాల్సిన వేడి దాటిపోయినా మరగకుండా కూర్చుందట. ఏమాత్రం పొడిచినా ఒక్క బుడగ పుడుతుందట. ఆ మాట చెప్తూ అమ్మాయి నా వంక చూసి పెదవి బిగబట్టింది. ఎవరు గుర్తొచ్చారో తెలుసు, నేనే. వాళ్ళమ్మ ఉంటే పైకే అనేసేది. పొడిచేది కణం. లోకమంతా నిండి ఉన్న కణం ఒకటుందట. రాతిలోంచి, గోడలోంచి, మనలోంచి దూరి పోతూనే ఉంటుందట, ఎవర్నీ తాకదట, ఎవరికీ కనబడలేదట. ఎప్పుడో ఏ ఒక్కటో దారి తప్పి తాకితే బుడగ. దాని కోసం కాపలా. అయితే చెత్తా చెదారం కూడా వచ్చి పొడుస్తుంది. సీసా గాజులోంచి, గాలిలో దుమ్ములోంచి ఆల్ఫా కణాలని పుడతాయట, అవీ బుడగలు చేస్తాయి. బుడగలన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. కెమెరా ఎంత మంచిదైనా లాభం లేదు. పుట్టేటప్పటి చప్పుడు మాత్రం వేరు. అదీ మా అమ్మాయి పట్టుదల. చెవికి అందని చప్పుడు, దాన్ని కిందికి దించి నాకు హెడ్‌ఫోన్లో వినిపించింది. ఇది ఆల్ఫా నాన్నా, నోరేసుకుని అరుస్తుంది, ఇదేమో మేం వెతికేదానికి దగ్గరగా ఉండేది, గొంతు తగ్గించి మాట్లాడుతుంది, తేడా తెలిసిందా? తెలిసింది అన్నాను. తెలియలేదు. రెండూ పెనం మీద నీటిబొట్టు పడ్డట్టే ఉన్నాయి. బతుకంతా హార్మోనియం పెట్టెలకు శ్రుతి చేసిన చెవి ఇది, తెలియలేదని ఎలా ఒప్పుకుంటాను? ఇక్కడి పంపులు చూసే మనిషి పక్కనుంచి వంగి నా చెవిలో, "నాకూ తెలీదు బాబాయ్‌గారూ, ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ తల ఊపుతున్నానంతే" అన్నాడు. లిఫ్టులో కూడా వీడే, కింద తుమ్మొస్తే పైకెళ్ళి తుమ్మి రావాలి బాబాయ్‌గారూ అని భయపెట్టాడు. ఒళ్ళంతా నోరు. ఇప్పుడు కంప్యూటరు తెర ముందు నోరు మూసుకుని కూర్చోవడానికి వాడు పడే అవస్థ చూస్తే నాకు సగం దగ్గు తగ్గింది.

ఈ గదిలోనూ ఒక మైకుంది, కప్పు నుంచి గబ్బిలంలా వేలాడుతోంది. మన చప్పుడు బుడగ చప్పుడులో కలిస్తే విడదీయడానికి. పంపు, లిఫ్టు గొలుసు, పెద్దమేడం తుమ్ము, ఇవన్నీ మిషనుకు ముందే నేర్పారు. తెలిసిన చప్పుడైతే దాని పేరు చెప్పి పక్కకు తీసేస్తుంది. తెలియని చప్పుడు వచ్చిందా, దాని వల్ల కాదు, గంట గంటా చెత్తబుట్టలోకే. పెద్దమేడంకు ఈ మైకుల గొడవ మీద నమ్మకం లేదు. ఒక్క గంట ఇస్తున్నాను, శుభ్రమైన గంట చూపించు, చూపించలేకపోతే రేపు మైకులు పీకించి కెమెరాలే పెట్టిస్తాను అంది. ఏళ్ళ తరబడి పని. ఒక గంట. ఆ గంటలో తండ్రిని తెచ్చి కూర్చోబెట్టింది. తల్లి పోలిక, బుర్ర మీద అంత నమ్మకం, జాగ్రత్త మాత్రం సున్నా.

బాగుంది కానీ ఇక్కడ. ఒప్పుకోవాలి. ఇంత చప్పుడు లేని చోటు నేనింతవరకు చూడలేదు. ఇంట్లో ఎంత చేసినా ఇంత రాలేదు. ఆవిడ పోయాక రేడియో తీసి అటక మీద పెట్టాను. గోడగడియారం ఆపేశాను. పక్కింటివాళ్ళ పిల్ల పాటలు నేర్చుకుంటుంటే ఆ వైపు కిటికీ మూసేశాను. పలకరించడానికి వచ్చినవాళ్ళు రెండోసారి రాకుండా చూసుకున్నాను. సంతాప సభ అని మా బావమరిది ఎవరినో పాటలవాళ్ళను పిలిపించాడు. వాళ్ళు తెచ్చిన పెట్టె పంచమం పక్కకు పోయింది. పాట మధ్యలో లేచి వెళ్ళి తిత్తి మూసేశాను. మనిషి పోయిన దుఃఖంలో ఏం చేస్తున్నాడో తెలియడం లేదు పాపం అన్నారు. బాగా తెలిసే చేశాను. మా బావమరిది ఆరోజు నుంచి మాట్లాడడం మానేశాడు. హాయిగా ఉంది.

శ్రుతి అంటే జనం ఏదో అనుకుంటారు. శ్రుతి అంటే వణుకు పోవడం. పెట్టెలోని రెండు రీడ్లు, అదే ఇత్తడి నాలుకలు, పక్కపక్కన పలికిస్తే, అవి ఇంచుమించు ఒకటే అయితే, మధ్యలో వణుకు వినబడుతుంది, వావ్ వావ్ వావ్ అని. రీడు కొనను ఆకురాయితో తాకితే స్వరం పైకి పోతుంది, మొదట్లో తాకితే కిందికి దిగుతుంది. గీకాలి, వినాలి, గీకాలి, వినాలి. వణుకు నెమ్మదిస్తుంది. వా...వ్. వా......వ్. తర్వాత ఉండదు. అది పోయే క్షణం ఉంది చూశారూ, దాని కోసమే నేనీ పనిలో ఉన్నాను. సరిగ్గా ఆ క్షణంలో, ఏ రోజూ తప్పకుండా, లోపలి గదిలోంచి మా ఆవిడ కూనిరాగం మొదలయ్యేది. పాట కాదు. పాటలంటే ఆవిడకు చాదస్తమేమీ లేదు. ఏదైనా పోతేనే ఆ రాగం వచ్చేది. కత్తెర పోతే రాగం, సూది పోతే రాగం. వస్తువు దొరకగానే ఠక్కున ఆగిపోయేది, మధ్య స్వరంలోనే. ఏ స్వరం మీద ఆగిందో దాన్నిబట్టి ఎంతసేపు వెతికిందో చెప్పొచ్చు. నాలుగే స్వరాలు, తిప్పి తిప్పి అవే. మొదటిది బాగానే ఉండేది. రెండోది పరవాలేదు. మూడోది వెంట్రుకవాసి కిందికి జారేది. రోజూ అక్కడే. జారిన స్వరం నా రీడు మీద వచ్చి పడేది, పోయిన వణుకు మళ్ళీ మొదలయ్యేది. ఒళ్ళు మండేది.

"ఆ మూడోది పైకి లాగవే!" అని అరిచేవాణ్ణి.

"శ్రుతి మీ పెట్టెకుండాలండీ, నాకెందుకు? నా కత్తెర చూశారా?"

కత్తెర నా పక్కనే ఉండేది. ఒక్కోసారి నా తొడ కిందే ఉండేది. చెప్పేవాణ్ణి కాదు. అడిగితే చెప్పాలి గానీ పాడితే చెప్పడమేమిటి? ఆవిడా గట్టిదే, అడిగినా జవాబు కోసం ఆగేది కాదు, పాడుతూ నా చుట్టూ తిరిగేది, బల్ల కింద, పెట్టె వెనక, నా చొక్కా జేబులో కూడా చెయ్యి పెట్టి చూసేది, కత్తెర జేబులో పడుతుందా అని అడిగితే మీ జేబులో ఏమైనా పడుతుందండీ అనేది. పిల్ల ఆవిడ కొంగు పట్టుకుని వెనకాలే తిరిగేది, ఏం వెతుకుతున్నారో కూడా తెలియకుండా. ముగ్గురం ఆ చిన్న గదిలో. ఒకరు శ్రుతి చెయ్యడం, ఒకరు చెడగొట్టడం, ఒకరు నవ్వడం. రీడుపొడి ఎండలో మెరుస్తూ గాల్లో తేలేది. దానిలో కూడా ఏ కణమో దూరి పోతూనే ఉండి ఉంటుంది, మా ముగ్గురిలోంచీ, ఎవర్నీ తాకకుండా. ఇప్పుడా మాట తోచి, ఎందుకో, నవ్వొచ్చింది. నవ్వకూడదు. నవ్వు ఆపుకుంటే గొంతులో గరగర మొదలైంది.

చచ్చాను. దగ్గు వస్తోంది. అమ్మాయి వీపు కనబడుతోంది, తెర ముందు వంగి, భుజాలు చెవుల దాకా ఎత్తుకుని. నాదీ పూచీ అంది. ఊపిరి బిగబట్టాను. గుటక వేశాను, మెల్లగానే. లవంగం. చొక్కా జేబులో లవంగం ఉండాలి, ఎప్పుడూ ఉంటుంది, దగ్గుకదే మందు. తాళాలు తీసినప్పుడు అది కూడా తీసేశారా? లేదు, చిన్నది, చప్పుడు చెయ్యదు. పై జేబులో చెయ్యి పెట్టాను. లేదు. పక్కజేబు. లేదు. రెండో పక్క. దారప్పోగు తగిలింది, బొత్తాం తగిలింది. ఎక్కడికి పోతుంది, ఇప్పుడేగా చూసుకున్నాను, అస్తరు చిరిగి లోపలికి జారిందేమో, వేలు పెట్టి తడిమాను, ఆఁ అదిగో, గుండ్రంగా, కాదు, అది కుట్టు, ఇంకొంచెం కిందికి, కిందికి, ఇదిగో దొరికింది. నోట్లో వేసుకున్నాను. కారం గొంతులోకి దిగింది. గరగర పోయింది. తల ఎత్తి చూస్తే ముగ్గురూ నా వైపు తిరిగి ఉన్నారు.

ఎందుకు చూస్తున్నారో ముందు అర్థం కాలేదు. దగ్గలేదు కదా. కుర్చీ జరగలేదు. పెద్దమేడం కనుబొమలు పైకి పోయి ఉన్నాయి. అమ్మాయి ముఖంలో నెత్తురు లేదు. అప్పుడు గదిలో ఇంకా ఆనవాలుగా ఉన్న చప్పుడు నా చెవికి అందింది, మధ్యలో తెగిపోయిన స్వరం, మూడోది, వెంట్రుకవాసి కింద. నా గొంతులోదే.

నేను పాడాను. నేను! కూనిరాగం తీశాను, లవంగం దొరికేదాకా, దొరకగానే ఆపాను. తల కొట్టేసినట్టయింది. అమ్మాయి తెర వైపు తిరిగింది. పంపుల మనిషి తెరలోకి చూసి చప్పున రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వాడి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వెనకనుంచి తెలియడం లేదు. అడగడానికి లేదు. చెప్పడానికి లేదు. గంట కాలేదు. ఇంకా ఎంతుందో తెలియదు, గడియారం ఉన్న గోడ నా వీపు వెనక ఉంది. గంట పోయిందని తెలిశాక కూడా ఎందుకు నోరు మూసుకుని కూర్చున్నారు వీళ్ళు? అమ్మాయి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. కళ్ళు నిండి ఉన్నాయి. నేను కళ్ళు దించుకోలేదు. తప్పు నాదేమీ కాదు. ఆవిడది. ఇన్నేళ్ళూ నా గదిలోకి వచ్చి నా పని చెడగొట్టింది చాలక, పోయాక నా గొంతులోకి దూరి కూతురి పని కూడా చెడగొడుతోంది. ఇంట్లో ఇంత నిశ్శబ్దం పెంచుకున్నాను, రేడియో లేకుండా, గడియారం లేకుండా, ఒక్క పురుగు పలకకుండా, అక్కడంతా వదిలేసి ఈ భూమి అడుగున, పలకకూడని ఒకే ఒక్క గంటలో పలికించింది. ఎంత మొండి మనిషి. ఎంత మొండి మనిషి ఈవిడ! కోపం తెచ్చుకుందామని కూర్చున్నాను. రావడం లేదు. లవంగం నమిలాను. మూడో స్వరం లోపల ఇంకా జారుతూనే ఉంది.

టైమైపోయిందని ఎక్కడో సన్నగా గంట మోగింది. పంపుల మనిషి కుర్చీ ఎగిరి వెనక్కి పడింది.

"మేడం! అమ్మొచ్చింది! అమ్మొచ్చింది మేడం!"

నేను గుమ్మం వైపు చూశాను. అమ్మాయి నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోవడం లేదు. పెద్దమేడం తెర దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుంది.

"ఏమిటది? అమ్మ ఏమిటి?"

"అంటే మేడం," అని పంపుల మనిషి అందుకున్నాడు, గంటసేపు బిగబట్టిన నోరు చిరిగిన గోతంలా విప్పి, "ఈవిడ రాత్రింబవళ్ళు ఇక్కడ బుడగలు వెతుకుతుంది కదా, వెతికినంతసేపూ ముక్కుతో ఏదో అంటూనే ఉంటుంది మేడం, తనకు తెలీదు. దాని దెబ్బకి లెక్కలన్నీ పాడు. ఎన్ని సార్లు చెప్పినా మానదు. చివరికి మానిపించడం నా వల్ల కాక మిషనుకే నేర్పించేశా. పేరేం పెట్టాలమ్మా అంటే 'అమ్మ' అని పెట్టు, అది మా అమ్మది అంది. ఆ చప్పుడొచ్చినప్పుడల్లా మేం అమ్మొచ్చింది అనుకుంటాం. ఇప్పుడు బాబాయ్‌గారు అందుకున్నారా, సరిగ్గా అప్పుడే సీసాలో బుడగ! నా పై ప్రాణాలు పైనే పోయాయి. చూస్తే మిషను అమ్మ అని రాసి ఆ చప్పుడు పక్కన పెట్టేసింది. బుడగ బుడగలాగే ఉంది, కడిగిన ముత్యంలా."

"గొంతు వేరు కదా," అంది పెద్దమేడం. "ఆడమనిషి గొంతుకు నేర్పితే ఈయన గొంతుకు ఎలా ఒప్పుకుంది?"

"గొంతు చూడదు మేడం," అంది అమ్మాయి. "నడక చూస్తుంది. ఏ స్వరం నుంచి ఏ స్వరానికి ఎంత దూరం వెళ్ళింది, ఎక్కడ జారింది. నాన్న సరిగ్గా అక్కడే జారాడు."

"ఆ బుడగ మీరు వెతికేదేనా?" అన్నాను. అంతమందిలో మొదటిసారి నోరు విప్పడం.

"కాదు నాన్నా. ఆల్ఫా. మామూలుదే."

"మామూలుదానికి ఇంత ఎగరడం ఎందుకు?"

"మామూలుదని చెప్పగలిగాం కదా! దాని మీద నువ్వు పాడుతున్నా కూడా చెప్పగలిగాం!"

పెద్దమేడం నా వైపు తిరిగింది. ఇది యాదృచ్ఛికమా నిజమా తెలియాలి, ఇంకొకసారి అనండి అంది. ఆ ముఖంలో ఇప్పుడూ నవ్వు లేదు, పని చేసేవాళ్ళ ముఖం. నేను గొంతు సవరించుకున్నాను. అందరూ చూస్తుండగా పాడమంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పాడాలి కదా. నాలుగు స్వరాలూ వరసగా అన్నాను, మూడోదాన్ని పైకి లాగి, ఉండాల్సిన చోట నిలబెట్టి. వణుకు లేదు. ఆవిడ ఎన్నడూ అనలేనంత శుద్ధంగా అన్నాను. పంపుల మనిషి తెర చూశాడు.

"తెలియదంటోంది మేడం."

నాకే ముందు అర్థమైంది. ఇందాక నేను సరిగ్గా పాడి ఉంటే గంట పోయేది. మైకులు పోయేవి. "ఇలా కాదు, ఏదైనా పోవాలి," అన్నాను. అస్తరులోంచి ఇంకో లవంగం తడిమి తీశాను. అమ్మాయి వచ్చి దాన్ని లాక్కుని, నన్ను అటు తిరిగి నిలబడమని, ఎక్కడో దాచింది. బల్ల కింద చూశాను. కుర్చీ మీద చూశాను. తొట్టి అద్దం అంచున తడిమాను. ఎంత దాచినా ఈ గది ఎంతని, దొరక్కుండా పోతుందా, ఇక్కడ లేదు, ఇటూ లేదు, దీని తల్లి దగ్గర నేర్చుకుంది ఈ పని, కాదు, దాచేది నేను, వెతికేది ఆవిడ, మరి ఈ పిల్లకు దాచడం ఎవరు...

"అమ్మొచ్చింది!" అని పంపుల మనిషి అరిచాడు.

అప్పుడు నవ్వింది పెద్దమేడం. ఆమెకు కూడా తెలియకుండా వచ్చినట్టుంది, గురక లాంటి నవ్వు. వెంటనే ఆపుకుని, మైకులు ఉండనీ అంది. ఉండనీ అన్న ఒక్క మాటే. అమ్మాయి వచ్చి నా భుజం మీద తల పెట్టింది. నేను నెట్టెయ్యలేదు.

"ఆ రాగం నాకెప్పుడు పట్టింది?" అన్నాను.

"ఎప్పుడేమిటి నాన్నా? అమ్మ పోయినప్పట్నుంచీ రోజూ అంటావు. కళ్ళజోడు కోసం, చెప్పుల కోసం, ఆకురాయి కోసం. ఫోన్లో కూడా వింటుంటాను. నీకు చెప్తే మానేస్తావని చెప్పలేదు."

రేడియో అటక మీద. గడియారం ఆగిపోయి. కిటికీ మూసి. ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఇదన్నమాట జరుగుతున్నది.

మూడోది మాత్రం కింద స్వరమే. అది తప్పే. ఎవరేమన్నా నేను దాన్ని ఒప్పుకోను. ఆవిడ ఎదురుగా ఉంటే ఈ క్షణం కూడా పైకి లాగవే అని అరుస్తాను.

లిఫ్టు వచ్చింది. ట్రేలోంచి ఎవరివి వాళ్ళు తీసుకున్నారు, చెప్పులు తొడుక్కున్నాను, కర్ర ఇచ్చారు. బోను కదిలింది. పంపుల మనిషి ఊపిరి కూడా పీల్చుకోకుండా ఏదో చెప్తూనే ఉన్నాడు, గొలుసు చప్పుడులో వినబడడం లేదు. రాయి కిందికి జారిపోతోంది. పైన రూపాయి బిళ్ళంత వెలుగు, కాసేపటికి పళ్ళెమంత. పైన వేసవి ఎండ ఉంటుంది, ఊపిరాడని ఎండ, నాకు చాలా ఇష్టం. అమ్మాయి సంచి తెరిచింది. మూసింది. కోటు జేబు చూసుకుంది.

"నాన్నా, కారు తాళం చూశావా? ట్రేలో పెట్టాను."

నేను వెలుగు వైపు చూస్తూ నిలబడ్డాను. చొక్కా జేబులో, చిరిగిన అస్తరు లోపల, నా తాళాల కింద, అది చల్లగా తగులుతోంది. సంచి మళ్ళీ తెరిచింది. లోపలి అర, దాని లోపలి అర. తల వంచుకుని వెతుకుతోంది. ముక్కు చివర మొదటి స్వరం వచ్చింది. బాగానే ఉంది. రెండోది వచ్చింది. పరవాలేదు. నేను ఊపిరి బిగబట్టాను.